నిమ్మచెక్క పక్కన పెట్టు తల్లీ, ముందు ఆ రంగు ఎక్కడుందో చూద్దాం

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నా వయసు 23. అనంతపురంలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తున్నాను. ఈమధ్యే సంబంధం కుదిరింది, పెళ్ళికి ఇంకా తొమ్మిది వారాలుంది. నా బాధంతా పళ్ళ గురించి. పైన ముందు పళ్ళకు అడ్డంగా తెల్ల గీతలు, మధ్యలో మట్టిరంగు మచ్చలు ఉన్నాయి. చిగుళ్ళ దగ్గర, కింది పళ్ళ లోపలివైపు పసుపుపచ్చగా ఉంటుంది. మా అక్కకూ ఇలాగే ఉంది. చిన్నప్పుడు మేమిద్దరం ఊరి బోరు నీళ్ళే తాగాం. పెళ్ళిచూపుల్లో అబ్బాయి మేనత్త "పిల్ల బాగుంది గానీ పండ్లు తోముకోదేమో" అనింది. అప్పటి నుంచి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేకపోతున్నాను. మా చిన్నమ్మ చెప్తే పన్నెండు రోజులుగా నిమ్మరసం, వంటసోడా, ఉప్పు కలిపి రెండు పూటలా రుద్దుతున్నాను. తెల్లబడలేదు సరికదా, చన్నీళ్ళు తాగితే జివ్వుమంటున్నాయి. బొగ్గుపొడి, కొబ్బరినూనె, పసుపు, అరటితొక్క అని ఫోన్లో చూశాను. ఇంట్లో ఉండేవాటిలో దేంతో పోతుంది? డాక్టరు దగ్గరికి పోతే గార తీసి పళ్ళు కదిలిపోయేలా చేస్తారని నాన్న భయపడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. అక్క ఏడాదిన్నర బాబుతో పుట్టింట్లోనే ఉంది, "వీడికీ ఇట్లే వస్తాయా, అడుగు" అంటోంది.

జవాబు: నువ్వు నా కూతురి వయసు దానివి, అందుకే "నువ్వు" అనే రాస్తున్నాను.

ముందు ఒక్క పని చెయ్యి. ఈ పూట నుంచే ఆ నిమ్మరసం మానెయ్యి. తగ్గించడం, రోజు మార్చి రోజు చేయడం కాదు, పూర్తిగా మానెయ్యాలి.

ఎందుకో నీకు తెలిసిన మాటతోనే చెప్తాను. వేసవిలో పచ్చి మామిడికాయ ఉప్పూకారం అద్దుకుని ఒకటికి రెండు తింటే ఏమవుతుంది? పండ్లు పులిసిపోతాయి. ఆ తర్వాత మెత్తటి అన్నం కూడా నమల్లేం. ఆ పులవడం అంటే నోట్లో మిగిలిన పులుపు రుచి కాదు. పుల్లటి రసం పంటి మీద మెరిసే పింగాణీ పొరలోంచి, అంటే ఎనామిల్‌లోంచి, కొంచెం సున్నపు పదార్థాన్ని లాగేసింది. ఎప్పుడో ఒకసారైతే లాలాజలం ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది. నువ్వు పన్నెండు రోజులు, రోజుకు రెండుసార్లు, అదే పులుపును నేరుగా పంటి మీద పెట్టి, పైగా ఉప్పు కలిపి బ్రష్‌తో రుద్దావు. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 2.5 మధ్య ఉంటుంది. మెత్తబడ్డ పొర మీద ఉప్పు రాళ్ళతో రుద్దితే అది నిలబడదు. చన్నీళ్ళకు జివ్వుమనేది అందుకే.

చిత్రాన్నంలో నిమ్మకాయ పిండుకోవడానికి, పుల్లగూర తినడానికి భయపడకు. అన్నంతో కలిసి కడుపులోకి పోయే పులుపు వేరు, పంటికి పట్టించి కూర్చునే పులుపు వేరు.

మీ చిన్నమ్మ మీద కోపం పెట్టుకోవద్దు. ఆవిడ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. చింతపండు పెట్టి రాగి చెంబు తోమితే తళతళలాడుతుంది కదా, పంటికీ అంతే అనుకుంటాం. చెంబు మెరిసేది పైన పట్టిన నల్లపొర పులుపులో కరిగిపోవడం వల్ల. చెంబుకు ఏం నష్టం లేదు, ఇంకో నలభై ఏళ్ళు తోమొచ్చు. పంటి ఎనామిల్ మాత్రం బాగా మందంగా ఉన్నచోట కూడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. చిగురు దగ్గరికొచ్చేసరికి ఇంకా పలచన. ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు, కానీ అరిగిపోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. గోరు విరిగితే వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఇది రాదు. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అనే పొర సహజంగానే పసుపుపచ్చగా ఉంటుంది. కాబట్టి పైపొర పలచబడే కొద్దీ పన్ను ఇంకా పసుపుగా కనిపిస్తుంది. తెల్లబరచబోయి పచ్చబరచుకోవడం అంటే ఇదే.

రాబోయే మూడు వారాలు పళ్ళకు విశ్రాంతి ఇవ్వు. మందుల షాపులో పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ అడుగు, జివ్వుమనే పళ్ళకు ఇచ్చే పేస్టే అది. బాగా మెత్తని బ్రష్ తీసుకో. రాత్రి తోముకున్నాక నురుగు ఉమ్మెయ్యి, నీళ్ళతో గలగలా పుక్కిలించకు, పంటి మీద ఆ పేస్ట్ పొర కాసేపు ఉండనీ. ఎక్కువ జివ్వుమనే పంటి మీద చిటికెన వేలితో కొంచెం రాసి పడుకో. రెండు మూడు వారాల్లో చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే, లేదా చల్లటిది తగలకుండానే నొప్పి మొదలైతే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించు.

ఇక అసలు సంగతి. పంటి రంగు మూడు చోట్ల ఉండొచ్చు. పంటి మీద పట్టిన మరక, పంటికి అతుక్కున్న గార, పంటి లోపలే పుట్టిన రంగు. మొదటిది ఇంట్లో పోతుంది. రెండోది ఇంట్లో పోదు, క్లినిక్‌లో అరగంట పని. మూడోది ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు. పంటి ఒళ్ళే ఆ రంగులో తయారైంది. నీ ఉత్తరం చదివితే నీకు మూడూ కొంచెం కొంచెం ఉన్నాయనిపిస్తోంది. ఎవరూ ముందు అది చూడకుండా నీకు నిమ్మకాయ చేతికిచ్చారు.

నువ్వే చూసుకోవచ్చు. పొద్దున పదింటప్పుడు, ట్యూబ్‌లైటు కింద కాదు, వాకిట్లో వెలుతురుకు ఎదురుగా అద్దం పట్టుకో. పై పెదవి వేళ్ళతో ఎత్తి, శుభ్రమైన నూలు గుడ్డతో ముందు రెండు పళ్ళు తడి లేకుండా తుడిచి, ఒక నిమిషం పెదవి వదలకుండా చూడు. తెల్ల గీతలు సుద్దముక్కతో గీసినట్టు ఇంకా స్పష్టంగా తేలతాయి. ఎడమ పంటి మీద ఏ ఎత్తులో గీత ఉందో కుడి పంటి మీద కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటుంది. మట్టిరంగు మచ్చ మీద గోరు పెట్టి గీకితే రాదు. ఇవన్నీ కలిస్తే అది ఫ్లోరోసిస్, అంటే చిన్నప్పుడు తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై పంటికి వచ్చిన రంగు. నోట్లోకి ఏదో పోయి పట్టిన మరక అయితే రెండువైపులా అద్దంలో ప్రతిబింబంలాగా పట్టదు. మీ అక్కకు కూడా ఉందన్నావు, మీ బళ్ళో నీతో చదివిన పిల్లల్ని గుర్తు తెచ్చుకో. వాళ్ళలో ఎంతమందికి ఉన్నాయి?

ఇప్పుడు నాలుకతో కింది ముందు పళ్ళ లోపలివైపు తడుము. గరుకుగా, గోడ మీద సున్నం గడ్డకట్టినట్టు తగిలితే అది గార. లాలాజలం ఊరే గ్రంథుల నోరు సరిగ్గా అక్కడే ఉంటుంది, అందుకే అందరికీ మొదట అక్కడే పడుతుంది. చిగుళ్ళ అంచున మెత్తగా పసుపుగా ఉండి గోటితో గీస్తే వచ్చేది పాచి. పాచి బ్రష్‌తో పోతుంది. పాచిని రోజుల తరబడి వదిలేస్తే లాలాజలంలోని లవణాలు చేరి గారగా మారుతుంది.

ఒక్క పన్ను మాత్రమే నల్లగానో బూడిదరంగుగానో మారితే దాని కథ వేరు. చిన్నప్పుడు ఎప్పుడో దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది. పసితనంలో టెట్రాసైక్లిన్ అనే మందు వాడినవాళ్ళకు పట్టీలు పట్టీలుగా వచ్చే రంగు ఇంకో రకం. నీవి ఆ రెండూ కావు.

ఫ్లోరోసిస్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ విషయం తెలియకే మన ఆడపిల్లలు సగం జీవితం పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నా ముందు పళ్ళ మీద కూడా ఈ గీతలున్నాయి. నేను పుట్టింది కూడా ఈ జిల్లాలోనే, బోరు నీళ్ళు తాగే ఊళ్ళోనే. పంటి డాక్టరునై కూడా వాటిని పూర్తిగా కప్పించుకోలేదు. మట్టిరంగు మచ్చలు రెండు తీయించుకున్నాను, తెల్ల గీతలు అలాగే ఉంచుకున్నాను.

మన నేల కింద ఉన్నది ఎక్కువగా గట్టి రాయి. ఆ రాళ్ళలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీళ్ళలోకి దిగుతుంది. వానలు తక్కువ, బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీళ్ళు పైకి వస్తాయి. తాగేనీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చనీ, వేరే దారి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం. చాలా ఊళ్ళ బోర్లలో అంతకు మించి ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదట గుర్తించి రాసింది కూడా తెలుగు నేల మీదే, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. మన జిల్లాలో 1990ల్లో సత్యసాయి నీటి పథకం వచ్చాక వందల ఊళ్ళకు పైపుల్లో మంచినీళ్ళు వచ్చాయి. అయినా బోరు మీదే ఆధారపడ్డ ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఈ ఫ్లోరైడ్ పంటిని పాడు చేసేది పన్ను నోట్లోకి వచ్చాక కాదు. చిగురు కింద, దవడ ఎముకలో పన్ను తయారవుతున్నప్పుడు. పుట్టిన దగ్గర నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా. నీకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ పన్ను బయటికి వచ్చేసరికే గీతలు పడిపోయి ఉన్నాయి. నువ్వు అప్పటికి దాన్ని ఒక్కసారి కూడా తోమలేదు, తోమడానికి పన్నే లేదు. కాబట్టి ఆ మేనత్త అన్న మాటలో నిజం లేదు. నువ్వు ఎంత బాగా తోముకున్నా ఆ గీతలు వచ్చేవే. ఈ మాట నువ్వు నోరు తెరిచి ఆ ఇంట్లో చెప్పొచ్చు, తప్పు లేదు. "మా ఊరి నీళ్ళ వల్ల అత్తమ్మా, చిన్నప్పుడే వచ్చినాయి" అంటే చాలు.

ఇప్పుడు నువ్వు అడిగిన వంటింటి వస్తువులు చూద్దాం.

వంటసోడా ఒక్కటే వీటిలో నిజంగా పని చేసేది, అదీ పైపై మరకల మీదే. టీ, కాఫీ, వక్కాకు మరకలను తేలిగ్గా గీకి తీస్తుంది. సోడా పొడి ఎనామిల్ కంటే చాలా మెత్తనిది, అందుకే హాని తక్కువ. దానిలో నిమ్మరసం పిండగానే బుసబుసా పొంగుతుంది కదా, చూసేవాళ్ళకు అది మురికిని లాగేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయంతే. ఆ పొంగు గాలి. సోడా బలం పోయింది, పైగా నిమ్మరసం ఎక్కువ పడితే పులుపు మిగిలే ఉంది. సోడాను ఉత్తదే వాడు, నీళ్ళతో తడిపి. జివ్వుమనడం పూర్తిగా తగ్గాక, వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు, తడి బ్రష్ మీద పావు టీస్పూను అద్దుకుని ఒక నిమిషం మెల్లగా తోమి కడిగెయ్యి. పేస్ట్ మానేసి దీన్నే పెట్టుకోకు, ఎందుకంటే పన్ను పుచ్చకుండా కాపాడే గుణం సోడాలో లేదు. ఇంకో జాగ్రత్త. మన వైపు "సోడా ఉప్పు" అని అడిగితే అంగడాయన ఏ సోడా ఇస్తున్నాడో చూసుకో. బట్టలు ఉతికే చాకలి సోడా నోట్లో పెడితే చిగుళ్ళు కాలిపోతాయి. కేకులకు వాడే బేకింగ్ పౌడర్ కూడా వద్దు, దానిలో పులుపు కలిపి ఉంటుంది. బజ్జీల పిండిలో వేసే తినే సోడానే కావాలి.

బొగ్గు గురించి మా అవ్వను తలుచుకోకుండా రాయలేను. ఆమె జన్మంతా పిడక కాల్చిన కచ్చిక, పొయ్యి బొగ్గు నూరి ఉప్పు కలిపి చూపుడువేలితో తోముకుంది. తెల్లగానే ఉండేవి. నేను చదువుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి వచ్చి, ఆమె దవడ పట్టుకుని చూశాను. కుడివైపు పైపళ్ళ మీద, చిగురుకు ఆనుకుని, గొడ్డలితో కొమ్మకు గంటు పెట్టినట్టు ఒక్కో పంటికి ఒక్కో గాడి. నా గోరు దానిలో ఆగింది. గోరు తగలగానే ఆమె తల వెనక్కి లాక్కుంది. చల్లటి మజ్జిగ ఎడమ బుగ్గలో పెట్టుకుని ఎందుకు తాగుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. బొగ్గు మరకను తీయదని కాదు, మరకతో ఆగదు. ఇప్పుడు దాన్నే నల్ల డబ్బాల్లో పెట్టి "యాక్టివేటెడ్ చార్‌కోల్" అని అమ్ముతున్నారు. 2017లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష, ఈ చార్‌కోల్ పేస్టులు పళ్ళు తెల్లబరుస్తాయనడానికి గానీ, సురక్షితమనడానికి గానీ సరైన ఆధారం లేదని తేల్చింది. నీకున్న ఫ్లోరోసిస్ పళ్ళ మీద సన్నని గుంటలు ఉంటే బొగ్గు వాటిలో దిగి కొత్త నల్లచుక్కలు పెడుతుంది. వద్దే వద్దు. ఎర్ర పళ్ళపొడి, ఇటుకపొడి కూడా ఇదే లెక్క.

ఉప్పును పుక్కిలించడానికి వాడు, రుద్దడానికి కాదు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను. చిగుళ్ళ వాపుకు హాయిగా ఉంటుంది. తెల్లదనానికి సంబంధం లేదు.

నూనె పుక్కిలించడం మన ఆయుర్వేదంలో గండూషం, కవళం అని ఎప్పటి నుంచో ఉంది. నువ్వుల నూనెతోనో కొబ్బరినూనెతోనో చేస్తే నోరు శుభ్రంగా అనిపిస్తుంది, చేసేవాళ్ళను నేను ఆపను. కానీ పంటి రంగు మారదు. మింగకూడదు, తోముకోవడానికి బదులుగా చేయకూడదు. పసుపు చిగుళ్ళకు కొంత మంచిదే గానీ, బట్టకు అంటితే వదలని రంగు పంటిని తెల్లబరుస్తుందని ఎవరు మొదలుపెట్టారో. అరటితొక్క, నారింజ తొక్క విషయంలో సమయం వృథా చేసుకోకు. స్ట్రాబెర్రీ పండు నలిపి సోడా కలిపి రుద్దితే తెల్లబడతాయా అని అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూశారు. పైపై మరక పోయింది తప్ప పంటి అసలు రంగు మారలేదు. మన అరటితొక్క అంతకంటే ఏం చేస్తుంది.

వేపపుల్ల, కానుగపుల్ల దొరికితే వాడు, సంతోషం. అయితే పుల్ల కొన మెత్తగా కుంచెలాగా అయ్యేదాకా నమిలి, చిగురు నుంచి పంటి కొన వైపు తోయాలి. అడ్డంగా రంపం లాగినట్టు లాగితే బ్రష్ అయినా పుల్లయినా మా అవ్వ పళ్ళ మీద పడ్డ గాడులే వస్తాయి.

ఇంట్లో ఉండి నువ్వు నిజంగా సాధించగలిగింది ఒకటుంది, అది తక్కువేం కాదు. చిగుళ్ళ దగ్గరి పాచి, టీ మరక పోగొట్టుకోవడం. రోజూ రెండుసార్లు, రెండేసి నిమిషాలు, బ్రష్ వెంట్రుకలు చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి మెల్లగా తోమితే పదిహేను రోజుల్లో తేడా నీ కంటికే కనబడుతుంది. షాపులో కూర్చుని లెక్కలు రాసేవాళ్ళకు టీ ఎన్నిసార్లు వస్తుందో నాకు తెలుసు. తాగు, కానీ గంటసేపు చప్పరిస్తూ కూర్చోకుండా తాగేసి, రెండు గుక్కల నీళ్ళు నోట్లో తిప్పుకో. పుల్లటివి, కూల్‌డ్రింకులు తాగిన వెంటనే తోముకోవద్దు, కనీసం అరగంట ఆగు. తోముకునేది వంటింటి వస్తువుతో కాకుండా ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్ట్‌తోనే. "ఫ్లోరైడ్ వల్లే కదా నాకు వచ్చింది" అనుకుంటావేమో. నీ పళ్ళు తయారవడం అయిపోయింది, పేస్ట్ ఉమ్మేస్తావు, కాబట్టి ఇప్పుడు అది నీకు మేలే చేస్తుంది. దెబ్బతిన్న ఎనామిల్ గట్టిపడటానికి నీకు అది కావాలి.

మిగిలినదానికి డాక్టరు కావాలి, దీన్ని దాచి నీకు ఆశ పెట్టను.

మీ నాన్నగారితో ఇలా చెప్పు. గార తీయిస్తే పళ్ళు కదలవు. ఏళ్ళ తరబడి గార పేరుకుపోయినవాళ్ళకు చిగురు వాచి, ఎముక తరిగి, పన్ను అప్పటికే వదులై ఉండొచ్చు. గార సిమెంటులాగా పట్టి ఉంచుతుంది కాబట్టి కదలడం తెలియదు. తీశాక తెలుస్తుంది. జనం నింద డాక్టరు మీద వేస్తారు. నీ వయసులో, నువ్వు చెప్పినంత గారకు, ఆ భయం అక్కర్లేదు. రెండు రోజులు పళ్ళ మధ్య ఖాళీగా, కొంచెం జివ్వుగా అనిపిస్తుంది, సర్దుకుంటుంది.

మట్టిరంగు మచ్చలకు మైక్రోఅబ్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. పలుచని ఆమ్లం, మెత్తని పొడి కలిపిన ముద్దతో డాక్టరు పైపొరను వెంట్రుకవాసి మేర మాత్రం తీస్తారు. "ఆమ్లం వద్దన్నావు, మళ్ళీ ఆమ్లమేనా" అంటావు. చిగుళ్ళకు రబ్బరు తొడుగు వేసి, మచ్చ ఉన్నచోటే, కొన్ని సెకన్ల లెక్కన, ఒకటి రెండు విడతల్లో చేసి ఆపేస్తారు. నువ్వు చేసింది నోరంతా, పన్నెండు రోజులు. మచ్చ పైన ఉంటే చక్కగా పోతుంది, లోతుగా ఉంటే కొంత మిగులుతుంది. తర్వాత పళ్ళ రంగు మొత్తంగా తేలిక చేయాలంటే నీ పళ్ళ అచ్చు తీసి సన్నని తొడుగు చేసిస్తారు. దానిలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిళ్ళు పెట్టుకోవాలి, దాదాపు రెండు వారాలు. మొదటి రోజుల్లో తెల్ల గీతలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి, కంగారుపడకు, ఆపేశాక వారం రెండు వారాల్లో కలిసిపోతాయి. జివ్వుమనడం తగ్గకముందు ఈ బ్లీచింగ్ మొదలుపెట్టకూడదు. గర్భంతో ఉన్నవాళ్ళు చేయించుకోకూడదు.

తొమ్మిది వారాల్లో ఇవన్నీ కుదురుతాయి. ఈ వారంలోనే ఒకసారి చూపించుకో. మూడు వారాలు విశ్రాంతి, ఆ మధ్యలో గార తీయించుకోవడం, నాలుగో వారంలో మచ్చల పని, ఐదు ఆరు వారాల్లో తొడుగు. చివరి మూడు వారాలు ఏమీ చేయకుండా వదిలెయ్యి. తొడుగు వాడే రోజుల్లోనూ, ఆపాక రెండు రోజుల పాటూ టీ, బీట్‌రూట్, పసుపు బాగా వేసిన పులుసు తగ్గించు. ఖర్చు ఎంతవుతుందో మొదటి రోజే విడివిడిగా అడిగి రాయించుకో. అనంతపురం పెద్దాసుపత్రిలో పంటి డాక్టర్లను అడిగి చూడు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, బస్సులో వెళ్ళి రాగలిగితే అక్కడ బయటి క్లినిక్ కంటే ఖర్చు తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. పెళ్ళి దగ్గర పడిందని తెలిస్తే "ఆరు పళ్ళూ అరగదీసి తెల్ల క్యాపులు పెట్టేద్దాం, వారంలో అయిపోతుంది" అనేవాళ్ళు తగలొచ్చు. పోయినేడాది ఒక అమ్మాయి అలా పెట్టించుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక్క పుచ్చు కూడా లేని పళ్ళను మొక్కజొన్న గింజ మొనల్లాగా చెక్కేశారు. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఇక జీవితాంతం ఆ క్యాపులు మార్చుకుంటూ బతకాలి. మచ్చలున్న పన్ను ఆరోగ్యమైన పన్నే. దాన్ని చెక్కనివ్వకు.

అన్నీ అయ్యాక కూడా అద్దంలో నీకు సినిమా తారల పళ్ళు కనబడవు. పాల తెలుపు ఎవరికీ పుట్టుకతో ఉండదు, కొంచెం మీగడ రంగే సహజం. మట్టిరంగు పోయి, చిగుళ్ళు గులాబీ రంగుకు తిరిగి, ఊపిరి శుభ్రంగా ఉంటే పెళ్ళి ఫోటోల్లో ఎవరూ గీతలు లెక్కపెట్టరు. లిప్‌స్టిక్ నారింజ, గోధుమ రంగుల వైపు కాకుండా గులాబీ వైపు ఎంచుకో, పళ్ళ పసుపు తక్కువ తెలుస్తుంది. ఫోటోగ్రాఫరు నవ్వమన్నప్పుడు చెయ్యి దించు.

ఇక మీ అక్క అడిగిన మాట. నీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని ఇదే. బాబుకు ఏడాదిన్నర అన్నావు. వాడి శాశ్వత ముందు పళ్ళు ఇప్పుడే, ఈ నెలల్లోనే, చిగురు కింద తయారవుతున్నాయి. ఇప్పటి నుంచి వాడికి మూడేళ్ళు వచ్చేదాకా ముందు పళ్ళకు కీలకమైన కాలం, వెనక పళ్ళకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా. మీ ఇంట్లో ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతుంటే వాడి పాలల్లో, ఉగ్గులో, పప్పన్నంలో ఆ నీళ్ళు పడుతున్నాయి. కాచి చల్లార్చి ఇస్తే సరిపోతుందని చాలామంది అమ్మలు అనుకుంటారు. క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. ఆర్ఓ ఫిల్టరు నీళ్ళలో అయితే చాలావరకు పోతుంది. తాగడానికే కాదు, వాడికి వండేదానికి కూడా ఆ నీళ్ళే వాడమను. తోముకునేటప్పుడు పేస్ట్ బియ్యపు గింజంత, మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత, అంతకు మించి వద్దు, మింగనివ్వొద్దు.

రేపు ఊరికి ఫోన్ చేసినప్పుడు అక్కతో చెప్పు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే బోరు నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, ఒక లీటరు నిండా పట్టి, మూత బిగించి, ఏ బోరుదో, ఏ రోజు పట్టిందో సీసా మీద రాయమను. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ప్రయోగశాలలో ఫ్లోరైడ్ పరీక్ష చేస్తారు, మీ ఊరి సచివాలయంలో అడిగితే ఎలా పంపాలో చెప్తారు. ఫలితం కాగితం మీద వచ్చేదాకా ఆగకుండా, ఆ రాత్రి నుంచే బాబు గ్లాసులోకి క్యాన్ నీళ్ళు పోయమను. ఆ క్యాన్ నీళ్ళ సీసా ఒకటి కూడా పరీక్షకు పంపించండి.